రూటీ హిల్ ఎర్రమట్టి, 40 అడుగుల దూరం

సిడ్నీ నడిబొడ్డు నుంచి పడమరగా 40 కిలోమీటర్లు వస్తే రూటీ హిల్. రైలు దిగి చూస్తే పెంకుటిళ్ళు, పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్లు, దూరంగా నీలికొండల గీత. అలాంటి శివారులో ఒలింపిక్ పతకాలు పంచిన మైదానం ఉందంటే కొత్తగా వచ్చినవాళ్ళు ఓ పట్టాన నమ్మరు. ఒలింపిక్ మైదానమంటే మనసులో మెదిలేది పెద్ద గిన్నెలాంటి స్టేడియం. ఇక్కడ అదేమీ లేదు. తీగ కంచె, ఆటగాళ్ళు కూర్చునే రెండు డగౌట్లు, ఓ మోస్తరు స్టాండు, ముందు ఎర్రమట్టి, దాని వెనక గడ్డి. అంతే. 2000 సెప్టెంబరులో ప్రపంచమంతా కళ్ళప్పగించి చూసిన సాఫ్ట్‌బాల్ జరిగింది ఈ మట్టి మీదే.

ఇప్పుడు దాని పేరు బ్లాక్‌టౌన్ ఇంటర్నేషనల్ స్పోర్ట్స్‌పార్క్. అంతకుముందు బ్లాక్‌టౌన్ ఒలింపిక్ పార్క్. ఇంకా వెనక్కి వెళ్తే ఆక్విలీనా రిజర్వ్. పాత ఆటగాళ్ళ నోట ఈనాటికీ ఆ మూడో పేరే ముందు వస్తుంది.

ఊరి పేరు గురించి ఒక ముచ్చట. రూటీ అన్న మాట ఎక్కడిదో ఇప్పటికీ తేలలేదు. నార్‌ఫోక్ ద్వీపంలో వేళ్ళు అల్లుకున్న ఒక కొండ పేరును 1800ల తొలినాళ్ళలో గవర్నర్ కింగ్ ఇక్కడికి తెచ్చాడన్నది బలమైన మాట. ఇండియాలో పనిచేసి వచ్చిన తెల్ల సిపాయిలు రొట్టెను 'రూటీ' అనేవారని, పేరు అందులోంచే వచ్చిందని ఇంకో కథ. రెండోది నిజమయ్యే అవకాశం తక్కువే, కానీ వినడానికి మనవాళ్ళకు బాగుంటుంది. రూటీ హిల్‌ను కలుపుకున్న బ్లాక్‌టౌన్ నగరం పేరు వెనక ఉన్నది మాత్రం కథ కాదు, బరువైన చరిత్ర. ఇది దారుగ్ ప్రజల నేల. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పెంచేందుకు పరమట్టాలో పెట్టిన 'నేటివ్ ఇన్‌స్టిట్యూషన్'ను 1823లో ఈ ప్రాంతానికి మార్చారు. నల్లవాళ్ళ ఊరు అని తెల్లవాళ్ళు పిలిచిన పిలుపే తర్వాత రైల్వే స్టేషన్ పేరైంది, ఆపైన నగరం పేరైంది. మైదానానికి దగ్గర్లోనే ఉన్న నురగింజి రిజర్వ్ ఆ కాలపు దారుగ్ పెద్ద ఒకాయన పేరు. వనభోజనాలకు వెళ్ళే మనవాళ్ళకు ఆ పార్కు తెలుసు, పేరు ఎవరిదో తెలిసినవాళ్ళు తక్కువ.

ఇక ఆట సంగతికి వద్దాం.

దూరం నుంచి చూసేవాళ్ళకు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఒకటే. ఒకే మైదానంలో రెండూ ఆడించవచ్చు కదా అంటారు. ఆడించే ఊళ్ళూ లేకపోలేదు, కానీ రెండిటికీ న్యాయం జరగదు. రెండిట్లోనూ బంతి వేసేది పిచ్చర్. కొట్టిన బ్యాటర్ హోమ్ ప్లేట్ అనే పలక దగ్గర బయల్దేరి, బేసులు అనే మూడు సంచులు చుట్టి, మళ్ళీ ఆ ప్లేట్ తొక్కితే ఒక పరుగు. బేస్‌బాల్‌లో బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు. సాఫ్ట్‌బాల్‌లో 60 అడుగులు, 18.29 మీటర్లు. బేస్‌బాల్ పిచ్చర్ నిలబడేది 10 అంగుళాల ఎత్తున్న మట్టితిన్నె మీద, దాన్నే మౌండ్ అంటారు. సాఫ్ట్‌బాల్ పిచ్చర్ నిలబడేది చదునైన నేల మీద, చుట్టూ 16 అడుగుల వ్యాసంతో ఒక తెల్లగీత ఉంటుంది. బేసుల నడుమ ఉండే భాగాన్ని ఇన్‌ఫీల్డ్ అంటారు. బేస్‌బాల్ ఇన్‌ఫీల్డ్ మధ్యలో గడ్డి ఉంటుంది. సాఫ్ట్‌బాల్ ఇన్‌ఫీల్డ్‌లో గడ్డిపరక కనపడకూడదు, అంతా బోడిమట్టే. బంతి తొందరగా వస్తుంది, బేసులు దగ్గర, ఫీల్డర్‌కు ఉన్న వ్యవధి రెప్పపాటు. మధ్యలో గడ్డి అంచు తగిలి బంతి ఒక్క బెత్తెడు పక్కకు తిరిగినా ఇక అందదు. అందుకే రూటీ హిల్‌లో ఒలింపిక్స్ కోసం కట్టినప్పుడు సాఫ్ట్‌బాల్‌కు వేరే, బేస్‌బాల్‌కు వేరే మైదానం వేశారు. తెలివైన పని. ఆ నిర్ణయం వల్లే పాతికేళ్ళ తర్వాత కూడా రెండు ఆటలూ అక్కడ బతికి ఉన్నాయి.

ఆ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్ ప్రధాన వేదిక హోమ్‌బుష్‌లోని షోగ్రౌండ్. ఈస్టర్ సంతలో ఎద్దులూ గుర్రాలూ తిరిగే చోట ఆ కొన్నాళ్ళ కోసం వజ్రం ఆకారపు బేస్‌బాల్ మైదానం గీశారు. సెప్టెంబరు 27న అక్కడే అమెరికా కుర్రాడు బెన్ షీట్స్ క్యూబాకు ఒక్క పరుగూ ఇవ్వకుండా 4-0తో ఫైనల్ గెలిపించాడు. ఆ జట్టును నడిపిన ముసలాయన టామీ లసోర్డా. బ్లాక్‌టౌన్‌కు దక్కినవి మిగతా మ్యాచ్‌లలో కొన్ని. కానీ షోగ్రౌండ్‌లోని వజ్రాన్ని తర్వాత చెరిపేశారు, బ్లాక్‌టౌన్‌ది మిగిలింది. ఒలింపిక్ బేస్‌బాల్‌లోకి వృత్తి ఆటగాళ్ళు, చెక్క బ్యాట్లు వచ్చింది కూడా ఆ ఏడే. దాంతో ఆ సెప్టెంబరులో రూటీ హిల్ గాలిలో రెండు చప్పుళ్ళు. బేస్‌బాల్ వైపు నుంచి ఎండుకట్టె విరిచినట్టు ఠప్ మని ఒకటి, సాఫ్ట్‌బాల్ వైపు నుంచి ఇత్తడి చెంబు మీద గరిటె తగిలినట్టు ఠంగ్ మని ఇంకొకటి. వాటి మధ్య కాలుతున్న సాసేజ్, ఉల్లిపాయల వాసన.

సాఫ్ట్‌బాల్ మాత్రం మొదటి బంతి నుంచి ఫైనల్ దాకా పూర్తిగా రూటీ హిల్‌దే. స్టాండ్లలో ఎక్కువ భాగం తాత్కాలికం. గొట్టాలు బిగించి, పలకలు పరిచి లేపినవి. ఆటలు అయిపోగానే విప్పి లారీలకు ఎక్కించారు. ఒలింపిక్ స్టేడియం ఎక్కడా అని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు ఏమీ కనపడకపోవడానికి కారణం అదే. ఉన్నదంతా నేలలోనే ఉంది.

అమెరికా జట్టు సిడ్నీలో అడుగు పెట్టేసరికి 110 మ్యాచ్‌లు వరుసగా గెలిచి ఉంది. ఇక్కడికొచ్చాక జపాన్ చేతిలో 11 ఇన్నింగ్స్‌లో 2-1తో ఓడింది. మర్నాడు చైనా 14 ఇన్నింగ్స్‌లో 2-0. ఆ తర్వాత ఆస్ట్రేలియా 13 ఇన్నింగ్స్‌లో 2-1. రెండు జట్లూ చెరోసారి బ్యాటు పడితే ఒక ఇన్నింగ్స్, సాఫ్ట్‌బాల్‌లో మామూలు ఆట అలాంటివి 7 అని గుర్తు పెట్టుకుంటే ఈ అంకెలు ఎంత విడ్డూరమో తెలుస్తుంది. ఆస్ట్రేలియా మ్యాచ్‌లో అమెరికా పిచ్చర్ లీసా ఫెర్నాండెజ్ 25 మందిని స్ట్రైకౌట్ చేసింది, అంటే బంతి కొట్టనివ్వకుండానే ఔట్ చేసింది. 25! అయినా ఓడింది. 13వ ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, టైబ్రేకర్ నియమం ప్రకారం ముందే రెండో బేస్ మీద నిలబెట్టిన రన్నర్ ఒకరు. బ్యాటు పట్టింది ఆస్ట్రేలియా అమ్మాయి పీటా ఎడెబోన్. కంచె దాటిన ఆ ఒక్క దెబ్బకు రెండు పరుగులు. శివారు శివారంతా లేచి అరిచింది.

చిత్రమేమిటంటే, ఇదే కథ నాలుగేళ్ళ ముందు అట్లాంటా ఒలింపిక్స్‌లోనూ నడిచింది. అదే ఫెర్నాండెజ్, అదే ఆస్ట్రేలియా, అదే 2-1, అదీ ఇద్దరు ఔటయ్యాకే జోయాన్ బ్రౌన్ కొట్టిన రెండు పరుగుల హోమ్ రన్. ఆ మ్యాచ్‌లో అమెరికా అమ్మాయి డానీ టైలర్ అంతకుముందే బంతిని కంచె దాటించి, సంబరంలో హోమ్ ప్లేట్ తొక్కడం మరిచింది. పరుగు చెల్లలేదు. అందుకే కోచ్‌లు పిల్లలకు మొదటి రోజే చెబుతారు: కంచె దాటినా సరే, ప్లేట్ మీద కాలు పడేదాకా తల ఎత్తకు.

మూడు ఓటములతో కింద పడిన అమెరికా, ఓడితే ఇంటికే అన్న స్థితిలో చైనాను 3-0తో, ఆస్ట్రేలియాను 1-0తో దాటి ఫైనల్‌కు వచ్చింది. ఎదురుగా అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడని జపాన్. సెప్టెంబరు 26 రాత్రి. వాన. ఆట ఆపేటంత కుండపోత కాదు, అలాగని పట్టించుకోకుండా ఉండేటంత చినుకూ కాదు. నాలుగో ఇన్నింగ్స్‌లో రేకా ఉత్సుగి హోమ్ రన్‌తో జపాన్‌కు ఆధిక్యం, కాసేపటికి అమెరికా సమం. 8వ ఇన్నింగ్స్‌లో లారా బెర్గ్ ఎడమవైపు గాల్లోకి కొట్టింది. లెఫ్ట్‌ఫీల్డర్ కోసెకి వెనక్కి వెనక్కి వెళ్ళింది, చెయ్యి చాచింది, బంతి గ్లవ్‌కు తగిలింది, ఆమె పడిపోయింది, బంతి జారిపోయింది. 2-1. స్వర్ణం అమెరికాకు, రజతం జపాన్‌కు, కాంస్యం ఆస్ట్రేలియాకు.

ఆ క్యాచ్ జారిందని ఆ పిల్లను తప్పుపట్టేవాళ్ళు తడిసిన బయలులో వెనక్కి పరుగెత్తి చూడాలి. ముందుకు పరుగెత్తేటప్పుడు బూటు మేకులు నేలను పట్టుకుంటాయి. వెనక్కి అడుగు వేసేటప్పుడు బరువు మడమ మీద పడుతుంది, మడమ దగ్గర మేకుల పట్టు తక్కువ. దానికి తోడు తడిసిన తోలు గ్లవ్ లోపలి భాగం నున్నబడుతుంది, తడిసిన బంతి బరువెక్కి జారుతుంది. ఆ మూడూ ఒక్క క్షణంలో కలిశాయి. వాన నీళ్ళు పంచిన పతకం అది అంటే తప్పేమీ లేదు.

అసలు ఆ పోటీలో పరుగులు ఎందుకంత తక్కువ? ఇందుకు జవాబు నేల మీద గీసిన ఒక దూరంలో ఉంది. సిడ్నీలో పిచ్చర్ నిలబడే పలకకూ హోమ్ ప్లేట్‌కూ మధ్య 40 అడుగులే, 12.19 మీటర్లు. పిచ్చర్ చెయ్యి గుండ్రంగా తిప్పి, ముందుకు ఒక పెద్ద అంగ వేసి బంతి వదిలేసరికి మిగిలేది సుమారు 10.5 మీటర్లు. గంటకు 105 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 29 మీటర్లు. లెక్క వేస్తే 0.36 సెకను. బేస్‌బాల్‌లో పిచ్చర్ దూరం 60 అడుగుల 6 అంగుళాలు, 18.44 మీటర్లు. అక్కడ 150 కిలోమీటర్ల వేగంతో వేసినా బ్యాటర్‌కు 0.40 సెకను దొరుకుతుంది. అంటే సాఫ్ట్‌బాల్ అమ్మాయికే తక్కువ వ్యవధి. పైగా ఆ బంతి కిందినుంచి వచ్చి పైకి లేస్తున్నట్టు అనిపిస్తుంది. పేరులో సాఫ్ట్ ఉందని మెత్తగా ఉంటుందనుకుంటే పొరపాటు, చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 180 గ్రాములకు అటూఇటూ, గట్టిగా రాయిలా ఉంటుంది.

ఏథెన్స్ 2004 నాటికి ఆ దూరాన్ని 43 అడుగులు చేశారు, 13.11 మీటర్లు. మూడే అడుగులు. వ్యవధిలో తేడా సెకనులో వందో వంతులు మూడు. కానీ బ్యాట్ తిప్పాలా వద్దా అని మెదడు తేల్చుకునేది ఆ మూడు వంతుల్లోనే.

ఇలాంటి దూరాలు కొలవడంలో కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. హోమ్ ప్లేట్ అయిదు మూలల పలక, ముందు అంచు వెడల్పు 17 అంగుళాలు, వెనక మొన తేలి ఉంటుంది. పిచ్చర్ దూరాన్ని కొలవాల్సింది ఆ వెనక మొన నుంచి పిచ్చర్ పలక ముందు అంచు దాకా. టేపును ప్లేట్ ముందు అంచు దగ్గర పట్టుకుంటే 17 అంగుళాలు తేడా వచ్చేస్తుంది. ఏడాదంతా తప్పుడు దూరంలో వేసిన పిల్ల, సరైన మైదానానికి వెళ్ళగానే బంతి ఎత్తుగా పోతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. బేసులదీ అంతే. ఒకటో బేస్, మూడో బేస్ సంచులు చతురస్రం గీతకు లోపలే ఉండాలి. రెండో బేస్‌కు మాత్రం సంచి నడిమధ్యకే కొలత. సాఫ్ట్‌బాల్‌లో హోమ్ మొన నుంచి రెండో బేస్ మధ్యకు 25.86 మీటర్లు, బేస్‌బాల్‌లో 38.8. ఇంటి పునాదికి మేస్త్రి కర్ణం కొలిచి మూలమట్టం చూసుకున్నట్టే ఇక్కడా చూసుకోవాలి.

బేసు సంచుల కింద కాంక్రీటు దిమ్మలో దిగేసిన చదరపు ఇనుప గొట్టం ఉంటుంది, సంచి కింది కాడ అందులో దూరుతుంది. గొట్టం పైమూతి నేలకు ఓ అంగుళం దిగువన ఉండాలి. మట్టి కొట్టుకుపోయి దిమ్మ బయటపడితే జారుతూ వచ్చే ఆటగాడి చీలమండ పోయినట్టే. ఆట అయ్యాక సంచి తీసి గొట్టంలో రబ్బరు బిరడా బిగిస్తారు. దానికి రంగు కుచ్చు ఒకటి ఉంటుంది, మట్టి కప్పేసినా మర్నాడు వెతుక్కోవడానికి. ఆ కుచ్చు ఊడిపోయిన బిరడా కోసం గునపం పట్టుకుని పది నిమిషాలు తడుముకోని మైదానం ఉండదు.

మట్టి గురించి చెప్పాలంటే తెలుగులో ఒక్క మాట చాలు: పదును. రైతు అరక కట్టేముందు పిడికెడు మట్టి పిసికి చూసుకునే పదునే ఈ ఇన్‌ఫీల్డ్‌కూ ప్రాణం. ఇసుక, ఒండ్రు, బంకమన్ను కలిసిన మిశ్రమం అది. సగానికి పైగా ఇసుకే ఉంటుంది, బంకమన్ను ఐదో వంతో నాలుగో వంతో. పదును సరిగ్గా ఉంటే బూటు మేకు శుభ్రంగా దిగి శుభ్రంగా బయటికి వస్తుంది, గుంట నిలుస్తుంది, మట్టి అంటుకోదు. ఎండితే పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది, బంతి పిచ్చిగా ఎగురుతుంది. ఎక్కువ తడిస్తే బూటుకు రెండు కిలోల బురద. పడమటి సిడ్నీ వేసవి సామాన్యమైంది కాదు. 2020 జనవరి 4న పక్కనున్న పెన్‌రిత్‌లో 48.9 డిగ్రీలు కాసింది. మన రెంటచింతలవాళ్ళు కూడా నోరు వెళ్ళబెట్టే ఎండ. అలాంటి రోజుల్లో మ్యాచ్‌కు గంట ముందు పైపైన నీళ్ళు చల్లితే పైపొర తడిసి, కింద రాయిలా ఉంటుంది. ఆ పైపొర కాలి కింద చర్మంలా ఊడుతుంది. ముందురోజు సాయంత్రం లోతుగా తడపాలి, రాత్రంతా ఇంకనివ్వాలి, ఆట ముందు దుమ్ము అణగడానికి మాత్రమే చల్లాలి. వేసవి ఆట మొత్తం ముందురోజు సాయంత్రమే గెలుస్తారు, ఓడతారు.

ఆట అయ్యాక ఇనుప జల్లెడలాంటి చాప కట్టి మట్టిని ఈడుస్తారు. దీన్ని గడ్డి అంచుదాకా లాగకూడదు, ఓ అడుగు ముందే ఆపెయ్యాలి. ఆత్రంగా గడ్డి మీదికి లాగినప్పుడల్లా కాస్త మట్టి గడ్డి మొదళ్ళలో చేరుతుంది. రోజుకు గోరంత, ఏడాదికి బెత్తెడు. చివరికి మట్టికీ గడ్డికీ మధ్య చిన్న గట్టు లేస్తుంది. పెదవి అంటారు దాన్ని. నేల మీద దొర్లి వచ్చే బంతి ఆ పెదవికి తగిలి ఫీల్డర్ మూతికి తగులుతుంది. వాన నీళ్ళు బయటికి పోకుండా ఆ గట్టే అడ్డుకుని లోపల మడుగు కడుతుంది. ఆ అంచును ఎప్పటికప్పుడు చీపురుతోనో నీటి ధారతోనో కడుగుతూ ఉండాలి. వదిలేస్తే గడ్డి కోసి, మట్టి తీసి, మళ్ళీ పరుచుకోవడమే.

గడ్డి అన్నానా, అక్కడ కౌచ్ అంటారు. అది మన గరికే. వినాయకచవితికి రెండేసి పోచలు తుంచి పెట్టే గరిక. తొక్కినా చావదు, కోసినా చావదు, ఎండకు మాడినా నీళ్ళు తగలగానే లేస్తుంది, అందుకే మైదానాలకు అంత ప్రీతి. దాంతో చిక్కల్లా రెండే. తీగలు సాగి మట్టిలోకి పాకుతాయి, దారం కట్టి నెలకోసారైనా అంచు కొయ్యాలి. రెండోది, చలికాలంలో నిద్రపోయి గోధుమరంగుకు తిరుగుతుంది. సెప్టెంబరు అక్కడ చలి వదిలే నెల, గరిక ఇంకా పూర్తిగా మేలుకోదు. అందుకే అలాంటి పోటీలకు ముందు గరిక మీద చలికాలపు రై గడ్డి విత్తనం చల్లి పచ్చదనం తెస్తారు. ఆ రై గడ్డి ఆకు మెత్తన, తడిస్తే నున్నన.

గీతల దగ్గర తెలుగువాడికి చనువు ఎక్కువ. తెల్లగీత వెయ్యడానికి కావాల్సింది ముగ్గుపిండి, అంటే సున్నపురాయి పొడి. తడిపిన సున్నం కాదు. సున్నంతో గీస్తే చెమట పట్టిన ఒంటికి తగిలి కాలుతుంది, జారుతూ వచ్చే పిల్ల కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మన బడుల్లో ఒకప్పుడు కబడ్డీ కోర్టులకు సున్నమే చల్లేవారు, ఎవరి కళ్ళూ పోకపోవడం అదృష్టమనే అనాలి. గీత మీద గీత ఏళ్ళ తరబడి వేస్తే అక్కడ సన్నని గట్టు లేస్తుంది, అప్పుడప్పుడు చెక్కి పారెయ్యాలి. పక్క గీత మీద పడిన బంతి చెల్లుతుంది కాబట్టి ఆ గట్టు తగిలి ఎటు తిరిగినా గొడవే.

వాన వెలిశాక అందరూ చేసే పొరపాటు: చీపురు పట్టుకుని నీళ్ళను గడ్డిలోకి తోసెయ్యడం. నీళ్ళతోపాటు సన్న మట్టి కూడా పోతుంది, అక్కడ పల్లం పడుతుంది, ఈసారి వాన అక్కడే నిలుస్తుంది, మళ్ళీ తోస్తారు. ఏటేటా గుంట పెద్దదవుతుంది. సరైన పద్ధతి వేరు. స్పంజితోనో చేతిపంపుతోనో నీళ్ళను ఎత్తెయ్యాలి. నిలిచిన నీరు పోయాక, కాల్చిన మట్టి గుళికలు పలచగా చల్లి, తేమ పీల్చాక పళ్ళపారతో కలపాలి. గుళికలు ఎక్కువ పోస్తే మైదానం బఠాణీలు పరిచినట్టు అయిపోతుంది, కాలు నిలవదు. ఇసుక పొయ్యడం ఇంకా చెడ్డది. ఆరోజు గట్టెక్కిస్తుంది, మిశ్రమాన్ని శాశ్వతంగా పాడుచేస్తుంది.

బేస్‌బాల్ వైపు మౌండ్‌ది మరో లోకం. దాని మట్టిలో బంకమన్ను పాలు చాలా ఎక్కువ. వ్యాసం 18 అడుగులు, నడుమ 24 అంగుళాల పొడవూ 6 అంగుళాల వెడల్పూ ఉన్న తెల్ల రబ్బరు పలక. పలకకు 6 అంగుళాల ముందు నుంచి అడుగుకు ఒక అంగుళం చొప్పున వాలు దిగాలి. వాలు నిలువుగా ఉంటే పిచ్చర్ మోకాలు పోతుంది, చదునైతే బంతి తేలిపోతుంది. పిచ్చర్ కాలు వంద సార్లు ఒకేచోట పడితే గుంట పడక మానదు. దాన్ని పూడ్చడానికి ఒక వరస ఉంది. ముందు వదులు మట్టినంతా ఊడ్చెయ్యాలి. గుంటను తడపాలి. తడి బంకమన్ను అంగుళానికి మించని పొరగా వేసి దిమ్మిసతో కొట్టాలి. పై పొరకు ముందు కింది పొరను గీరి మళ్ళీ తడపాలి. దిమ్మిసకు అంటకుండా గోనెపట్ట చుట్టాలి. చివర్లో పొడిమట్టి చల్లి, తేమ ఆరకుండా పట్టా కప్పాలి. ఊడ్చకుండా పొడి మీద తడి వేస్తే అది పెచ్చులా లేస్తుంది, మొదటి ఇన్నింగ్స్‌లోనే గుంట తిరిగి వస్తుంది. ఇంత చాకిరీ ప్రేక్షకుడికి కనపడదు. కనపడకపోవడమే బాగా చేశారనడానికి గుర్తు.

ఒలింపిక్స్ తర్వాత పదేళ్ళు క్లబ్బులదీ పిల్లలదీ రాజ్యం. 2009లో పక్కనే క్రికెట్‌కూ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌కూ కలిపి పెద్ద గుండ్రని మైదానం వచ్చింది. 2010లో ఆస్ట్రేలియన్ బేస్‌బాల్ లీగ్ మళ్ళీ మొదలైతే సిడ్నీ బ్లూ సాక్స్‌కు ఇదే సొంత గడ్డ అయింది. నవంబరు 6న కాన్‌బెరా కావల్రీతో తొలి మ్యాచ్ ఇక్కడే. సాఫ్ట్‌బాల్ మాత్రం 2008 బీజింగ్ తర్వాత ఒలింపిక్స్ నుంచి జారిపోయింది, టోక్యోలో ఒకసారి కనిపించి, పారిస్‌లో మళ్ళీ లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌కు తిరిగి వస్తోంది. 1996 నుంచి 2008 దాకా నాలుగు ఒలింపిక్స్‌లోనూ పతకం తెచ్చిన ఆస్ట్రేలియా అమ్మాయిల ఆట ఇది. అలాంటి ఆటను ఇలా తీస్తూ పెడుతూ ఉంటే ఊరి క్లబ్బుల్లో పిల్లలు ఏం చూసి నేర్చుకోవాలి? మన దగ్గర స్కూల్ గేమ్స్‌లో సాఫ్ట్‌బాల్ ఉంది, అనంతపురంలో ఆర్‌డీటీ మైదానాల పిల్లలకు అది పరిచయమైన ఆటే. వాళ్ళకూ ఇదే ప్రశ్న.

ఈ పార్కుతో హైదరాబాద్‌కు ముడిపడిన జ్ఞాపకం మాత్రం సాఫ్ట్‌బాల్‌ది కాదు. 2020 నవంబరులో, కొవిడ్ రోజుల్లో, ఎమిరేట్స్‌లో ఐపీఎల్ ముగించుకుని వచ్చిన భారత క్రికెట్ జట్టు క్వారంటైన్‌లో ఉంటూ సాధన చేసింది ఇక్కడే. నవంబరు 20న హైదరాబాద్‌లో మహమ్మద్ గౌస్ కన్నుమూశారు. ఆటో నడిపి కొడుకును బౌలర్‌ను చేసిన మనిషి. సాధన నుంచి తిరిగి వచ్చిన సిరాజ్‌కు కబురు చెప్పారు. వెళ్ళే వీలు ఇస్తామన్నా అతను ఉండిపోయాడు. ఆ సిరీస్‌లో 13 వికెట్లు, బ్రిస్బేన్ చివరి టెస్టులో ఒకే ఇన్నింగ్స్‌లో 5. స్కోఫీల్డ్స్, ది పాండ్స్ వైపు నుంచి శనివారం పిల్లలను క్రికెట్‌కు దింపి వెళ్ళే తెలుగు కుటుంబాలు ఆ నెట్‌ల పక్కనుంచే నడుస్తాయి.

అటునుంచి ఇటు నాలుగు అడుగులు వేస్తే సాఫ్ట్‌బాల్ కంచె. పిచ్చర్ పలక ఇప్పుడు 43 అడుగుల దగ్గర ఉంటుంది. ఫెర్నాండెజ్ ఆ 25 మందిని ఔట్ చేసిన 40 అడుగుల చోటు దానికి మూడు అడుగుల ముందు. ఇప్పటి పిచ్చర్ ముందుకు దూకినప్పుడు వెనక పాదం ఈడ్చుకుంటూ వెళ్ళేది సరిగ్గా దాని మీదుగానే. ప్రతి ఆటలో అక్కడ జానెడు వెడల్పున చాలు పడుతుంది. ఆట అయ్యాక ఎవరో ఒకరు వదులు మట్టి ఊడ్చి, నీళ్ళు చిలకరించి, పిడికెడు బంకమన్ను వేసి, దిమ్మిసతో నాలుగు దెబ్బలు కొట్టి, పట్టా కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెడతారు.